రబ్బరునకు తగిన కందెన

విజయవాడలో పటమటను ఆనుకొని యున్న జవహర్ ఆటోనగరున లారీ బాడీలు కట్టువారు, ఇంజన్లు విప్పువారు, లేతు పనివారు, పెయింటర్లు, స్పేరుపార్టుల వర్తకులు వీథులకు వీథులే ఆక్రమించి యున్నారు. అచటినుండి బందరు రోడ్డు వైపు నడచినచో పటమట సందులలో మోటారుసైకిళ్ల మరమ్మతు దుకాణములు అడుగడుగునకు ఎదురగును. వానిలో దేనిని చూచినను ఒక గ్రీజు డబ్బా, పైభాగము కోసివేసిన నూనె క్యానులో కొంత కిరసనాయిలు, మేకునకు వ్రేలాడు గుడ్డపీలిక తప్పక యుండును. ఆ గ్రీజు మంచిదే. చక్రపు బేరింగునకు అంతకంటె హితమైనది అరుదు. కాని మేస్త్రీ అదే గ్రీజును అదే వ్రేలితో డిస్కు బ్రేకు కాలిపరులోని రబ్బరు సీలునకు పూసినచో, కొన్నాళ్లకే ఆ బండి యజమాని "బ్రేకు పట్టేస్తోంది మేస్త్రీ, తోస్తే బండి కదలటం లేదు" అనుచు తిరిగి వచ్చును. బేరింగునకు మేలు చేసిన పదార్థమే సీలునకు కీడేల చేసెను? ఈ అధ్యాయమున విచారింప దలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

ఒకటి రెండు తరముల క్రిందట ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము తక్కువగ నుండెను. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసున బుల్లెట్టు బండ్ల పని ఆరంభించిన నాడును, ఆ పిమ్మట జావాలు, రాజదూతులు మన రోడ్లమీద తిరిగిన నాడును, బ్రేకు అనగా ఒక డ్రమ్ము, రెండు షూలు, వానిని లాగు కేబులో కడ్డీయో మాత్రమే. ఆ బండ్లలో రబ్బరు సీళ్లు లేకపోలేదు గాని, అవి ముందు ఫోర్కులోను, ఇంజనులోను, ఖనిజతైలపు సాంగత్యముననే బ్రతుకు జాతివి. కావున పెట్రోలియము నుండి పుట్టిన ఏ గ్రీజు తగిలినను వానికి పెద్ద హాని లేదు. తరువాత ద్రవపీడనముచే పనిచేయు డిస్కు బ్రేకు వచ్చెను. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీకి మించిన క్రొత్త బండ్లన్నింటికిని, బ్రేకు వేసినపుడు చక్రము బిగిసిపోకుండ చూచు ఏబీఎస్ తప్పనిసరి కాగా, డిస్కు లేని పెద్ద బండి కనబడుటయే అరుదయ్యెను. అలవాటు డ్రమ్ము కాలమునాటిది, రబ్బరు డిస్కు కాలమునాటిది. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

రబ్బరు చేతికి ఘనపదార్థమువలె తోచునే గాని, దాని అంతఃస్వభావము ద్రవమునకు సమీపమైనది. వేలకొలది చిన్న అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని ఏర్పడిన పొడుగాటి శృంఖలలు దానిలో చిక్కువడి యుండి, సాధారణోష్ణతయందు సైతము నిరంతరము కదలుచునే యుండును. ఆ శృంఖలలు ఒకదానిపై నొకటి జారిపోకుండ నడుమ నడుమ గంధకపు వంతెనలు వేయు విద్యను అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియరు 1839లో కనుగొనెను. వల్కనీకరణమని పేరొందిన ఆ ప్రక్రియ లేకున్నచో నేటి టైరును లేదు, సీలును లేదు. వంతెనలు శృంఖలలను కట్టివేయును గాని, వాని నడుమనున్న చోటును పూర్తిగ మూసివేయవు. తనకు సజాతీయమగు ద్రవము తగిలినప్పుడు రబ్బరు ఆ ద్రవపు అణువులను ఆ చోటులలోనికి రానిచ్చును. అవి ప్రవేశించిన కొలదిని శృంఖలలు దూరము జరుగును. వంతెనలు లేనిచో రబ్బరు సాంతము కరగిపోయెడిదే, ఉండుటచే కరగక, నీట నానవేసిన సెనగగింజ వలె ఉబ్బి, మెత్తబడి, గోటికి చిట్లు స్థితికి వచ్చును. లోనికి చొరబడు ద్రవపు ఒత్తిడియు, సాగిన శృంఖలలు వెనుకకు లాగు బలమును సమానమైన చోట ఈ ఉబ్బు ఆగును. ఆ సమతౌల్యమును గణితసూత్రమున బంధించినవారు పాల్ ఫ్లోరీ, జాన్ రేనర్ అను రసాయన శాస్త్రజ్ఞులు. 1943 నాటి ఆ సూత్రము నేటికిని వారి పేరనే పిలువబడుచున్నది. వారిలో ఫ్లోరీకి బృహదణువులపై చేసిన కృషికి 1974లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక సజాతీయత యననేమి? నూనె నీటితో కలియదని ఎల్లరును ఎరుగుదురు. నీటి అణువున విద్యుదావేశము ఒకవైపు కొంత ధనముగను, మరొకవైపు కొంత ఋణముగను పంచబడి యుండును, అట్టివానిని ధ్రువీయములందురు. కార్బను, హైడ్రోజను తప్ప వేరేమియు లేని పెట్రోలియపు తైలములలో ఈ పంపకము దాదాపు లేదు, అవి అధ్రువములు. ధ్రువీయము ధ్రువీయముతోను, అధ్రువము అధ్రువముతోను పొత్తు కలుపుకొనును. రబ్బరులకును ఈ వర్ణవిభాగము కలదు. చెట్టు పాలనుండి వచ్చు సహజ రబ్బరు, మోటారు ట్యూబులకు వాడు బ్యూటైల్ రబ్బరు, నేటి బ్రేకు సీళ్లకు విస్తారముగ వాడు ఈపీడీఎం, ఇవన్నియు కార్బను హైడ్రోజనుల సంతతియే; పెట్రోలియపు నూనెను చూచినంతనే అవి తలుపులు తెరచును. తద్విరుద్ధముగ, 1930ల జర్మనీలో జన్మించిన నైట్రైల్ రబ్బరున అక్రిలోనైట్రైల్ అను ధ్రువీయ భాగము నూటికి 18 మొదలు 50 పాళ్ల వరకు కలుపుదురు. ఆ పాలు హెచ్చిన కొలదిని నూనెకు లొంగనితనము హెచ్చును, చలికి వంగు గుణము తగ్గును. పెట్రోలుపంపు గొట్టము మొదలు ఇంజను ఆయిల్ సీలు వరకు నూనెను ఆపవలసిన చోట్లలో పెక్కింట మనకు దిక్కు ఈ నైట్రైలే. కాని దానికిని బలహీనత యున్నది: బ్రేకులలో పోయు గ్లైకాల్ ఈథరు ద్రవము ధ్రువీయము గనుక, నైట్రైలు ఆ ద్రవమున పడినచో ఉబ్బి చెడును, ఈపీడీఎం మాత్రము చెక్కుచెదరదు. ఈ రెండు రబ్బరులును చూపునకు నల్లనివే, వ్రేలికి మెత్తనివే. ఏది ఏదియో రంగును బట్టి పోల్చగలనను మేస్త్రీ మాటను నేను నమ్మను.

దుకాణములలో బ్రేకు ఆయిలని వ్యవహరించు ద్రవము రసాయనరీత్యా నూనెయే కాదు. డాట్ 3, డాట్ 4 అను ముద్రలతో అమ్ము ఈ ద్రవములు గ్లైకాల్ ఈథరులతోను, వాని బోరేటులతోను చేసినవి. గాలిలోని తేమను పీల్చుకొనుట వీని నైజము. డాట్ 4 ద్రవము క్రొత్తదిగ నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదనియు, నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన పిమ్మట సైతము 155 డిగ్రీల వరకు నిలువవలెననియు నిబంధన. వేసవి యందు ఎండ 45 డిగ్రీలను తాకుచు, వానకాలమున కాలువల ఆవిరియు వరిచేల తేమయు గాలిని వదలక పట్టియుండు కృష్ణా డెల్టాలో ఈ 230కిని 155కిని నడుమనున్న దూరము త్వరగా తరిగిపోవును. రెండేండ్లకొకసారి ద్రవమును మార్చుమని బండితో వచ్చు పుస్తకము చెప్పు మాటను ఇచటివారు వాయిదా వేయక పాటించుట మంచిది.

ఇప్పుడు కాలిపరును దగ్గరగ చూతము. దాని పిస్టను ఒక చిన్న ఉక్కు గిన్నె. అది కదలు గొట్టపు గోడలో ఒక గాడి, ఆ గాడిలో ఒక రబ్బరు వలయము. ఈ వలయమును అడ్డముగ కోసి చూచినచో ఓ-రింగువలె గుండ్రముగ నుండక చతురస్రముగ నుండును. అందులోనే దాని నేర్పు దాగియున్నది. మీట నొక్కినపుడు ద్రవము పిస్టనును ముందునకు త్రోయగా, పిస్టనును గట్టిగ పట్టుకొని యున్న ఈ వలయపు లోపలి అంచు కూడ దానితో కొంత వంగును; మీట వదలినంతనే రబ్బరు తన సహజరూపమునకు మరలుచు పిస్టనును మిల్లీమీటరులో పదోవంతు ప్రాంతము వెనుకకు లాగుకొనును. ప్యాడును డిస్కునుండి విడదీయుటకు కాలిపరులో వేరే స్ప్రింగు లేదు. ఆ పని చేయునది ఈ రబ్బరు వంపే. అనగా ఈ సీలు ద్రవమును ఆపుటయే గాక, బ్రేకును వదలించు బాధ్యతను కూడ మోయుచున్నది. దీనికి పెట్రోలియపు గ్రీజు తగిలి ఉబ్బినచో గాడి నిండిపోవును, వంగుటకు చోటు మిగులదు, పిస్టను వెనుకకు రాదు. ప్యాడు డిస్కును రాచుచునే యుండి, వేడి పుట్టి, ఆ వేడికి ద్రవము మరిగి, కొండపల్లి ఘాటు దిగునప్పుడు మీట స్పంజి వలె లోనికి పోవు దుర్దశ ప్రాప్తించును.

అంతకంటె కపటమైన చెరుపు హ్యాండిలుమీది మాస్టర్ సిలిండరున జరుగును. ద్రవపు గిన్నె అడుగున రెండు రంధ్రములు గలవు. వానిలో ఒకటి సూదిమొనకు తప్ప అందనంత సన్నము. మీట వదలినపుడు గొట్టములో మిగిలిన ఒత్తిడి ఆ సన్నని రంధ్రముగుండనే గిన్నెలోనికి మరలును. మాస్టర్ పిస్టనునకు తొడిగిన రబ్బరు కప్పు కొంచెము ఉబ్బి అంచు ముందునకు పెరిగినచో, అది విశ్రాంతిగ నున్నప్పుడు సైతము ఆ రంధ్రమును కప్పివేయును. డిస్కు వేడికి ద్రవము వ్యాకోచించు కొలదిని బ్రేకు తనంత తానే బిగియుచు పోవును. మేస్త్రీ కాలిపరును పదిమార్లు విప్పి చూచినను అక్కడ దోషము కనబడదు. దీనికొక తేలిక గుర్తు కలదు: గిన్నె మూత విప్పి, దాని క్రిందనున్న రబ్బరు పొరను బయటకు తీసి, మరల పెట్టి చూడుడు, అది అలలు తేలి, సాగి, తన చోటున ఇముడనన్నచో ఎవరో ఆ గిన్నెలో నూనె పోసినారనియో, నూనె చేతులతో పని చేసినారనియో నిశ్చయించుకొనవచ్చును. అట్టి బండికి స్పిరిటుతో కడుగుట చికిత్స కాదు. రబ్బరు లోపల దాగిన నూనె పైపై కడుగుటకు లొంగదు. మాస్టరు కప్పు మొదలు కాలిపరు సీలు వరకు, నడుమ రబ్బరు గొట్టము సహితముగ, సమస్తమును మార్చి గొట్టములను క్రొత్త ద్రవముతో కడుగవలెను.

న్యాయముగ మరొక మాట చెప్పవలెను. పట్టివేసిన ప్రతి బ్రేకునకును గ్రీజే కారణము కాదు. కాలిపరు అల్యూమినియముతో చేయుదురు. తేమయు ఉప్పుగాలియు గల చోట్ల, ముఖ్యముగ బందరు వైపు, సీలు వెనుక గాడిలో తెల్లని పొడివంటి తుప్పు పేరుకొని, మంచి సీలును సైతము పిస్టనుమీదికి నెట్టును. గాడిని శుభ్రము చేయక క్రొత్త సీలు వేసినవాడు క్రొత్త సీలును కూడ చెరిపినవాడగును.

కందెన యను మాట చెవిని పడినంతనే మన తాతల తలపునకు వచ్చునది ఎడ్లబండి ఇరుసు. కరణమును ప్రసన్నుని చేసికొనక గతి లేదని బోధించుటకు సుమతీశతకకారుడు దృష్టాంతముగ గ్రహించినది ఈ ఇరుసు కందెననే గదా! పల్లెలలో ఆ కందెనను ఆముదముతో చేసికొనెడివారు. అందు గడ్డి మసి కలిపి ఇరుసునకు పట్టించెడివారు. ఆముదపు దీపముతో పాటు అదియును పోయినదని మనము తలచుచుండగా, మోటారు బండి లోపల ఆముదము మాత్రము తన చోటును వదలలేదు. ఇది వినోదమునకు చెప్పు మాట కాదు; మన ప్రశ్నకు సమాధానమున సగపాలు ఇందే యున్నది.

ఆముదమున గల కొవ్వు ఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లు రిసినోలియిక్ ఆమ్లమే. దాని పదునెనిమిది కార్బనుల శృంఖలలో పండ్రెండవ కార్బనునకు ఆక్సిజను హైడ్రోజనులు గూడిన హైడ్రాక్సిల్ వర్గము వ్రేలాడుచుండును. నువ్వులనూనె, వేరుసెనగ నూనెలలో ఇట్టిది లేదు. ఈ చిన్న తగిలింపు చేతనే ఆముదము తక్కిన నూనెలకంటె చిక్కగ నుండును, ఆల్కహాలుతో చక్కగ కలియును, పెట్రోలియపు తేలిక నూనెలతో సులభముగ పొత్తు కుదుర్చుకొనదు. నూనె జాతి యయ్యును కొంత ధ్రువీయత గలది గనుక, సహజ రబ్బరు దానిని లోనికి రానీయదు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానములలో ఇంజను తానే గిరగిర తిరుగు జాతివానికి ఆముదమునే పోసిరి. లోపలికి వచ్చు పెట్రోలు ఆ కందెనను సులభముగ కడిగివేయలేకపోవుటయే కారణము. లండను నగరమున 1899లో స్థాపితమైన వేక్‌ఫీల్డు కంపెనీ 1909లో తన మోటారు నూనెకు క్యాస్ట్రాల్ అని పేరిడినది అందు కలిపిన ఆముదమును పురస్కరించుకొనియే. మాల్కమ్ లాకీడ్ అను అమెరికను 1917లో పేటెంటు పొందిన ద్రవపీడన బ్రేకులు వ్యాప్తిలోనికి వచ్చినప్పుడు, వానిలో పోసిన తొలినాటి ద్రవములలో ముఖ్యమైనది ఆల్కహాలులో కలిపిన ఆముదము. ఆనాటి కప్పులు సహజ రబ్బరువి. వానికి హాని చేయక, వానిని జారునట్లు చేయగల నూనె మరొకటి లభింపలేదు.

గ్లైకాల్ ద్రవములు వచ్చి ఆముదమును బ్రేకు గొట్టములనుండి వెడలగొట్టెను గాని, రబ్బరు పని చేయువారి బల్లమీదనుండి వెడలగొట్టలేదు. నేడు స్పేరుపార్టుల కొట్లలో రెడ్ రబ్బర్ గ్రీజు అను పేర దొరకు ఎర్రని మెత్తని పదార్థమున ఆధారతైలము ఆముదము వంటి శాకతైలమే. అది సహజ రబ్బరునకును, ఈపీడీఎంకును హితము; బ్రేకు ద్రవము తగిలినను విరోధింపదు. కాలిపరు సీలు వెలుపలి దుమ్ము సీలునకును, పిస్టను ప్రక్కలకును దీనిని పలుచగ పూసినచో తేమ చేరక తుప్పు తగ్గును. ఇంటిలోని ఆముదమునే పూయరాదా యని అడుగువారుండవచ్చును. కూడదు. గానుగ ఆముదమున స్వేచ్ఛా ఆమ్లములును, జిగురును ఉండును. గాలి తగిలి కొంతకాలమునకు అది బంకగ మారును.

ఇంకొక వింత వినుడు. చక్రపు బేరింగునకు వాడు లిథియం గ్రీజులో గూడ ఆముదము వంశపు అంశ యున్నది. గ్రీజనగా నూనెను పట్టి నిలుపు సబ్బు. క్లారెన్స్ ఎర్ల్ అను అమెరికను 1942లో పేటెంటు పొందిన లిథియం సబ్బు గ్రీజు నేడు లోకమెల్ల వ్యాపించినది; అందు విరివిగ వాడు 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లమును ఆముదమునకు హైడ్రోజను పట్టించియే తయారు చేయుదురు. అనగా సబ్బు ఆముదపు సంతతి, ఆ సబ్బు పట్టి యుంచిన నూనె మాత్రము పెట్రోలియపు సంతతి. రబ్బరును ఉబ్బించునది ఆ నూనెయే గాని సబ్బు కాదు. కావున గ్రీజు డబ్బామీద పెద్ద అక్షరములలో నున్న సబ్బు పేరును చూచి నిర్ణయించుట వ్యర్థము. దానిలోని నూనె ఏ జాతిదో విచారింపవలెను. వాజలీన్ కూడ పెట్రోలియపు బిడ్డయే. మృదువుగ, తెల్లగ, నిరపాయముగ కనబడుటచే మోసపోయి దానిని బ్రేకు రబ్బరునకు పూయువారు పెక్కుమంది.

ముందు ఫోర్కు కథ దీనికి విలోమము. జర్మనుల బీఎమ్‌డబ్ల్యూ సంస్థ 1935లో తన బండికి పెట్టిన నూనె నింపిన జారుడు ఫోర్కు నేడు దాదాపు ప్రతి మోటారుసైకిలునకును సామాన్యమైనది. దాని సీలు సాధారణముగ నైట్రైలుది, లోపల ఖనిజతైలము. మెరుగు గొట్టమును ఆనుకొనియుండు సీలు పెదవి నిజముగ గొట్టమును తాకదు. నడుమ మైక్రాను మందమున నొక నూనె పొర నిలుచును. ఆ పొర లేనిచో పెదవి పొడిగ రాపిడి చెంది, ఆగుచు జారుచు కంపించి, అరిగిపోవును. క్రొత్త సీలు తొడుగునపుడు అది ఒక్క తూరి పొడిగ జారినను పెదవికి పడు గాటు జీవితకాలపు కారుడునకు మూలమగును. కావున గొట్టపు పైకొనకు ఒక పాలిథీన్ కవరు చుట్టి, సీలు పెదవికి శుభ్రమైన ఫోర్కు ఆయిలు రాసి, ఆ కవరు మీదుగ జార్చు పటమట మేస్త్రీల పద్ధతి శాస్త్రసమ్మతమే. దానికి ఇంజనులోనుండి తీసిన పాత నల్లనూనె వాడుటను మాత్రము నేను సమర్థింపలేను. అందలి లోహపు పొడి ఆకురాయి పని చేయును.

ఇక్కడ ఒక సూక్ష్మము. ఉబ్బుట ఎల్లప్పుడును దోషము కాదు. నైట్రైలు సీలు నూనెలో కొంచెము ఉబ్బుట వలన దానిలోనుండి కరగిపోవు మృదుకరములవలన కలుగు సంకోచము తీరి, పెదవి గొట్టమునకు చక్కగ అంటి యుండును. కొన్ని కృత్రిమ తైలములలో సీళ్లు ముడుచుకొని కారుట కలదు గనుకనే, తయారీదారులు రబ్బరును కొలదిగ ఉబ్బించు ద్రవ్యములను కావలెనని కలుపుదురు. కొలది ఉబ్బు సహాయము, మితిమీరిన ఉబ్బు నాశనము. ఆ మితి రబ్బరును బట్టి మారును.

చైను విషయము చెప్పవలసినది కొంచెమే. నేటి పెద్ద బండ్ల చైనులలో పిన్నుకును బుషునకును నడుమ గ్రీజు నింపి, రెండు ప్రక్కల సన్నని ఓ-రింగులతో మూసియుందురు. ఓ-రింగు చాల ప్రాచీనమని తలచువారికి ఆశ్చర్యము కలుగవచ్చును: డెన్మార్కున పుట్టి అమెరికాకు వలసపోయిన నీల్స్ క్రిస్టెన్సెన్ డెబ్బదేండ్లు దాటిన వయసున దరఖాస్తు పెట్టి 1939లో దానికి పేటెంటు పొందెను. ఆ ఓ-రింగులను పెట్రోలులో నానవేసియు, ఇనుప బ్రష్షుతో రుద్దియు చెరుపుకొనుట మనవారికి పరిపాటి. మెత్తని బ్రష్షు, కొంచెము కిరసనాయిలు, వెంటనే తుడుచుట, ఆ పిమ్మట 90 నంబరు గేరు ఆయిలు. ఇంతకు మించి వలదు.

సిలికోను గ్రీజు నేడు అన్నిటికిని ఒక్క మందని కొందరు చెప్పుచున్నారు. సిలికోను శృంఖలలో కార్బనునకు బదులు సిలికాను, ఆక్సిజనులు మారిమారి వచ్చును గనుక అది హైడ్రోకార్బను రబ్బరులకును, నైట్రైలునకును కూడ పరాయిది, దేనిని ఉబ్బింపదు. కాలిపరు జారు పిన్నులకును, వానిమీది రబ్బరు తొడుగులకును ఇది ఎంతయు తగినది. అచ్చట బేరింగు గ్రీజు పూయుట మన దుకాణములలో జరుగు తప్పులన్నింటిలో తరచైనది. తొడుగు ఉబ్బి, పిన్ను బిగిసి, ప్యాడు ఒకవైపే అరుగును. కాని సిలికోను రబ్బరుతో చేసిన సీలునకు సిలికోను గ్రీజు పూసిన నాడు ఆ సీలే ఉబ్బును. సజాతీయ సూత్రమునకు అపవాదము లేదు. లోహము లోహమును నొక్కి రాచు చోట సిలికోను తేలిపోవును, కావున బేరింగున దానిని పెట్టరాదు. ఏ గ్రీజైనను ప్యాడుమీద, డిస్కుమీద చిన్న మరక పడినను బ్రేకు పోవును.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగరు, రాజరాజేశ్వరీపేట మొదలగు పేటలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సముద్రమువైపు పరుగెత్తినప్పుడు, వేలకొలది ద్విచక్రవాహనములు సీటు వరకు బురదనీట నిలిచినవి. నీరు తీసిన వెంటనే జనులందరును ఇంజనును గూర్చి ఆదుర్దా పడిరి, అది సహజమే. కాని అట్టి బండిలో మెత్తని ఒండ్రు దుమ్ము సీళ్ల వెనుకకు చొచ్చి పిస్టను ప్రక్కల చేరును, బ్రేకు ద్రవము తేమ పట్టును, బేరింగులోని గ్రీజు నీటితో కలిసి పాలవలె తెల్లబడును. ఇట్టి బండ్లను విప్పినపుడు కాలిపరు రబ్బరును కిరసనాయిలు క్యానులో ముంచి ఒండ్రు కడుగుట సులభముగ తోచును. ఆ ఒక్క ముంపుతో, వరద చేయలేని హాని జరుగును. రబ్బరును కడుగుటకు తగినవి క్రొత్త బ్రేకు ద్రవము, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాలు.

ఈ మాటలను నమ్మవలసిన పని లేదు, పరీక్షించి చూడవచ్చును. విడిభాగములు మార్చినప్పుడు తీసివేసిన పాత సీళ్లను, ఒక పాత ట్యూబు ముక్కను సంపాదించి, ఒక్కొక్కదానినుండి ఒకే పొడవు గల పీలికలను కోసి, చిన్న గాజు సీసాలలో వేరువేరుగ ఇంజను ఆయిలు, బ్రేకు ద్రవము, ఆముదము పోసి వానిలో వేయుడు. మూడు దినములు కదలింపక యుంచి, తీసి, తుడిచి, స్కేలుతో కొలువుడు. పొడవు నూటికి పది పెరిగినచో అల్పమని తోచును గాని, మూడు దిశలలోను అట్లే పెరుగును గనుక ఘనపరిమాణము నూటికి 33 పెరిగినదన్నమాట; గాడిలో బిగుసుకొనుటకు అది చాలును. ట్యూబు ముక్క ఇంజను ఆయిలులో పెరుగును, ఆముదములో దాదాపు మారదు. ఫోర్కు సీలు బ్రేకు ద్రవములో చెడును, ఇంజను ఆయిలులో నిలుచును. ఇదే పరీక్షను నియతోష్ణమున, తూకముతో, గంటల లెక్కతో ప్రయోగశాలలలో చేయుదురు. భారత ప్రమాణములలో ఐఎస్ 3400 ఆరవ భాగము దీనికే ప్రత్యేకింపబడినది. సీసాల పరీక్ష దాని బీదచుట్టము గాని, నిజము చెప్పుటలో దానికి తీసిపోదు. పిల్లలకు చూపుటకు ఇంతకంటె చవకైన రసాయన పాఠము నాకు కనబడలేదు.

సీలు ఏ రబ్బరుదో తెలియని చోట ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలియున్నది. దానికి యంత్రనిర్మాతలే తరతరములుగ అనుసరించు సమాధానము కలదు: ఆ సీలు ఏ ద్రవమును ఆపుటకు నియమింపబడినదో, కూర్చునపుడు ఆ ద్రవమునే దానికి పూయుట. ఆ ద్రవములో ఏండ్ల తరబడి బ్రతుకుమని ఎన్నుకొనిన రబ్బరునకు దానివలన హాని కలుగనేరదు. ఫోర్కునకు ఫోర్కు ఆయిలు, ఇంజను సీలునకు ఇంజను ఆయిలు, కాలిపరు లోపలి సీలునకు బ్రేకు ద్రవము. ఐరోపా బండ్లలో కొన్నింటి ద్రవపీడన క్లచ్చులలో ఖనిజతైలమే యుండును గనుక, గిన్నె మూతమీది అక్షరములు చదువకుండ ఏ సీసాయు విప్పరాదు. బ్రేకు వెలుపలి రబ్బరునకును జారు పిన్నులకును రెడ్ రబ్బర్ గ్రీజో, సిలికోను గ్రీజో చిన్న ట్యూబు కొని యుంచుకొనినచో ఒక సామాన్యుని బండికి ఏండ్లు వచ్చును. మీ బండి కాలిపరును ఈసారి విప్పునప్పుడు ప్రక్కనే నిలుచుండి, మేస్త్రీ వ్రేలికి అంటినది ఏ గ్రీజో మర్యాదగ అడుగుడు. పెట్రోలియపు గ్రీజు తగిలిన సీలును కడిగి మరల బిగింపనీయక, క్రొత్తది వేయించుకొనుడు.